చరణం చివరి మలుపు

రాయికి మోకు బిగించి, మోకులోంచి కర్ర దూర్చి, గుర్వయ్య వెనక కొన కింద భుజం పెట్టాడు. ముందు కొన మైసయ్యది. నందికొండ డ్యాం పనికి వచ్చిన పాలమూరు కూలీల్లో ఇంత కలిసిన జోడీ లేదని మేస్త్రీ మెచ్చుకునేవాడు. వెనకవాడు ముందువాడి మెడ వంక రోజంతా ఎందుకు చూస్తున్నాడో మేస్త్రీకి ఏం తెలుసు?

ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే బడి. ఆ బడి కోలాటం జట్టులో ముందు నిలబడేది గుర్వయ్యే. కంజీర మోగితే చాలు, అతని కాళ్లు నేల మీద నిలిచేవి కావు. చరణం చివర ఎడమకు గిరుక్కున తిరిగి పక్కవాడి కోలకు కోల తగిలించాలి. తనిఖీ అధికారి రావడానికి ముందురోజు, ఆ మలుపులోనే మైసయ్య అతని కోలకు బదులు వేళ్ల మీద కొట్టాడు. కావాలనే కొట్టాడు. మర్నాడు ముందు నిలబడింది మైసయ్య. చేతికి గుడ్డ కట్టుకున్న గుర్వయ్య గోడవారన కూర్చుని చూశాడు. రెండు వేళ్లు వంకరగానే అతుక్కున్నాయి. మళ్లీ కోల పట్టలేదు, బడికీ పోలేదు.

ఆ కోలాటం పాట మాత్రం అతన్ని వదల్లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూనిరాగం తీస్తే, ఎంత మోత మోసి వచ్చినా సరే, చరణం చివర కాలు దానంతటదే తిరిగేది. అలా తిరిగిన ఒకనాడే ఆ ఆలోచన తట్టింది. అప్పటి నుంచి మైసయ్య వినేలా ఆ పాట ఎత్తలేదు. డ్యాం గోడ లేవాలి, పరంజా మీది పలకల బాట సన్నబడాలి. అందాకా దాచుకున్నాడు.

ఆ పొద్దున మైసయ్య తన తుండుగుడ్డను రెండుగా చింపి, సగం మడతపెట్టి ఇచ్చాడు.

"నీ భుజం పుండైతాంది గదరా. గిది పెట్టుకో."

గుర్వయ్య తీసుకున్నాడు. చింపిన గుడ్డతో తీరిపోతుందనుకున్నాడా వీడు, అని లోపల మండిపడ్డాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి పై బాట చేరారు. కింద మనుషులు చిన్నగా కనబడుతున్నారు. గుర్వయ్య మెల్లగా పాట ఎత్తాడు.

మైసయ్య నవ్వాడు. "ఇంకా యాదున్నదారా నీకు?" అని తనూ గొంతు కలిపాడు. ఇద్దరి అడుగులూ బడిలోలాగే పడ్డాయి. ఎంత బాగుందో! ఆపేద్దామా అనిపించింది గుర్వయ్యకు. కర్ర మీద తన వంకర వేళ్లు కనబడ్డాయి. కాలివేళ్లు పలకకు బిగబట్టి, చరణం చివరిదాకా పాడాడు.

మైసయ్య కాలు ఎడమకు తిరిగింది. అక్కడ పలక లేదు.

గుర్వయ్య భుజం తప్పించాడు. రాయీ, కర్రా, మనిషీ కలిసే పోయాయి. పాపం కాలు జారిందన్నారు అందరూ. సాయంత్రానికి మేస్త్రీ ముందు కొనకు ఇంకో మనిషిని చూశాడు.

గుడిసెకు చేరి గుర్వయ్య గొంతెత్తి పాడాడు, ఇక ఎవరికీ దాచే పని లేదు గనక. పగ తీరింది, కడుపు చల్లబడింది. చరణం చివర ఆగి చూసుకున్నాడు. కాలు కదల్లేదు. మళ్లీ మొదటి నుంచి పాడాడు. కదల్లేదు.

సగం తుండుగుడ్డ కాళ్ల దగ్గర పడి ఉంది. చెమటా నెత్తురూ ఎండి, అది ఇంకా అతని భుజం ఆకారంలోనే వంగి ఉంది.