వేపమండ కట్టని గుమ్మం

నెల నిండని బిడ్డ కళ్లలోకి టార్చి వేసిన డాక్టరు ప్రమీలారాణి చెయ్యి అక్కడే ఆగిపోయింది: రెండు కనుపాపలూ సున్నం చుక్కల్లా తెల్లగా ఉన్నాయి.

మర్నాటికి పరీక్షల ఫలితాలన్నీ వచ్చాయి. బిడ్డకు చెవులూ వినపడవు. గుండెలోనూ లోపం ఉంది.

"నేను చెప్పలే?" అంది అత్త సుబ్బక్క. "గ్రహణం పూట కత్తిపీట ముందర కూసుండె ఈ మారాజు కూతురు. మా పెద్దోడు కండ్లారా చూసినాడు. ఈ పొద్దే పుట్టింటికి తోలేస్తాం డాక్టరమ్మా, బిడ్డతో సహా."

ఎమ్మిగనూరులో ఇంటి నుంచి కర్నూలు ఆసుపత్రి దాకా ఆమెది ఇదే మాట. బిడ్డను పొదువుకుని తల్లి చౌడేశ్వరి తలెత్తలేదు. మొగుడు కేశవ నేల చూస్తున్నాడు. అతని అన్న మునీంద్ర గోడకానుకుని నిలబడ్డాడు.

"గ్రహణం కాదు, రుబెల్లా," అంది డాక్టరు. "పెద్దవాళ్లకైతే నాలుగు రోజుల తట్టు, కాస్త జ్వరం, అంతే. గర్భిణికి మొదటి నెలల్లో సోకితే వైరస్ మాయ దాటి పిండంలోకి పోతుంది. కళ్లు, చెవులు, గుండె తయారవుతుండగానే పాడు చేస్తుంది. ఇంట్లో ఎవరికైనా తట్టు పోసిందా?"

"మా ఇంట్లో యాడిది? పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టమా?"

"సరే. ఈ బిడ్డ ఉమ్మిలో ఏడాది దాకా వైరస్ ఉండొచ్చు. గర్భిణులను దగ్గరికి రానీయొద్దు."

"పెద్దకోడలు కడుపుతోనే ఉండాది. బిడ్డ పుట్టిన పొద్దే మునీంద్ర దాన్ని ఆలూరుకు, పుట్టింటికి తోలేసినాడులే."

చౌడేశ్వరి తలెత్తింది.

"గ్రహణం దోషమయితే అక్కకేం భయం బావా? నీకు ముందే ఎట్ల తెలిసె?"

మునీంద్ర తలుపు వైపు కదిలాడు. కేశవ అన్న కాలరు పట్టుకున్నాడు. "చెప్పన్నా!"

"ఇడువురా, చెప్తా. తట్టు నాకే పోసె. కడుపుతో ఉండేవాళ్ల దగ్గరికి పోవద్దప్పా అని నర్సమ్మ చెప్పనే చెప్పె. మర్నాడు నాకు పిల్లనిచ్చే ఆలూరోళ్లు మన ఇల్లు చూసేకి వస్తాండిరి. వేపమండ కనపడితే గుమ్మం తొక్కుతారా? మొగానికి పౌడరు పూసుకుంటి. ఈ పిల్ల ఎదురుగానే కూసోని పొద్దుగూకేదాకా మగ్గానికి పడుగు పోగులు అతికినా. దగ్గొస్తే పక్కకు కూడా తిరగలే. బిడ్డ కండ్లు చూడంగానే నాకు తెలిసిపాయ. ఫోన్లో వెదికి నా పెండ్లాన్ని దాచుకుంటి. కత్తిపీట మాట నేనే పుట్టించినా. అమ్మ నమ్మె. ఈమె పుట్టింటికి పోతే ఇంగ అడిగేదెవురు? ఏమిరా అట్ల చూస్తావు? చిన్నోడివి నీకు ముందే అయిపాయ, నాకు పెండ్లి కావాల్సి ఉండె. అది అప్పటికి కడుపులో గోరంత."