టీ ఒలికిన వాకిలి

ముందు పాట వినిపించింది. ఆ తర్వాతే మలుపు తిరిగి మినీబస్సు కనిపించింది.

టర్కీలోని ఇజ్మీర్ నగరమంతా పాడుకుంటున్న ఆ ఎడబాటు పాటను రాసింది, ఆ బస్సు డ్రైవరు నెజాత్ కూతురే. ఇంటి దుఃఖాన్ని వీధిలో పెట్టానని నాన్న తల దించుకుంటాడేమోనన్న భయంతో, ఆమె మారుపేరుతో రాసింది. ఇప్పుడు ఆ పాట మోగుతున్న బస్సే ఎక్కి, బెరుకుగా వెనక సీట్లో కూర్చుంది.

"అన్నా, కాస్త సౌండు పెంచు. తనివితీరా ఏడ్చుకుంటాను," అంది కూరల సంచీ పట్టుకున్న ఒకావిడ.

"ఏడువమ్మా, సీటు మాత్రం తడపకు," అన్నాడు నెజాత్.

పాటలో తల్లి ప్రయాణమైంది. పసిపిల్ల ఆమె వెనకాలే వాకిట్లో టీ పారబోసింది.

"ఇదేం చోద్యం! ఊరెళ్ళేవాళ్ళు తొందరగా తిరిగి రావాలని వెనకాల నీళ్ళు కదా పోస్తాం? రాసినోడికి ఆ మాత్రం తెలీదా?" అందావిడ. బస్సంతా నవ్వింది.

నెజాత్ బండిని పక్కకు తీసి ఆపాడు.

"ఆ పిల్ల వాళ్ళమ్మ జర్మనీకి వెళ్ళిన పొద్దున మా ఇంట కుళాయి రాలేదమ్మా. కెటిల్‌లో టీ ఒక్కటే మిగిలింది. పిచ్చితల్లి అదే పోసింది. వాళ్ళమ్మ మళ్ళీ రాలేదు."

అద్దంలో కూతురి కళ్ళు అతనికి కనిపించాయి. అతని తల దిగలేదు. ఇంకాస్త పైకి లేచింది.

"రాసినోడు కాదు. రాసింది నా కూతురు. అదిగో, వెనక కూర్చుంది, నా షెర్మిన్!"