స్పైస్‌వుడ్ లోయలో పొట్టి తుపాకీ

వర్లీన్ స్టాంపర్‌కు ఆ రకం తుపాకీ అంటే మొదటినుంచీ చిన్నచూపే. కెంటకీ తూర్పు కొండల్లో తుపాకులు బాగుచేసి బతుకుతున్న మనిషి ఆమె. వాల్‌నట్ కర్ర తొడిగిన, ఉడతలను కొట్టే సన్నపాటి రైఫిల్ అయితే చంటిబిడ్డలా చూసుకునేది. పొరుగింటి హోబర్ట్ నోబుల్ కొనుక్కున్నదాన్ని మాత్రం రెంటికీ చెడ్డ రేవడి అనేది. చూడ్డానికి ఏకే-47 రైఫిల్, పేరుకు పిస్టల్. భుజానికి ఆనించే వెనక కర్ర ఉండదు. ఆ చోట పట్టా తగిలించుకునే కొక్కెం ఒక్కటే. పోనీ ఒంటిచేత్తో ఎత్తుదామంటే మణికట్టు లాగేసేంత బరువు. గొట్టం జానెడుకు కాస్త ఎక్కువ. అంత పొట్టి గొట్టంలో తూటా మందు పూర్తిగా కాలదు, మిగిలింది మూతి బయటికొచ్చి భగ్గుమంటుంది. ఒకసారి హోబర్ట్ దాన్ని ఆమె కొట్టు వెనక పేలిస్తే కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి.

"మళ్లీ దాంతో నా గడప తొక్కావో, చూడు మరి," అంది వర్లీన్.

"మీ కోళ్లకు సంగీతజ్ఞానం తక్కువ, మిస్ వర్లీన్," అన్నాడు హోబర్ట్.

ఆ వేసవి చివర్లో స్పైస్‌వుడ్ వాగు లోయంతా ముంచేసింది. వంతెన, కరెంటు తీగలు, ఫోన్లు అన్నీ పోయాయి. హోబర్ట్ ఇల్లు కొట్టుకుపోయింది. ఎగువన ఒంటరిగా ఉండే అతని మేనత్త ఓర్ఫా ఇంటి చోట పునాది రాళ్లు మిగిలాయి. మనుషులు వాగు గట్ల వెంట వెతుకుతున్నారు. వెతుకుతున్నది శవం కోసమని ఎవరూ పైకి అనలేదు.

వర్లీన్ కొట్లోకీ నీళ్లొచ్చాయి. రైఫిళ్ల కర్రలు ఉబ్బి పగిలాయి, లోపలి భాగాలు తుప్పుతో బిగుసుకుపోయాయి. ఆమె వాటి మధ్య దిగాలుగా కూర్చుని ఉండగా హోబర్ట్ ఒక బురద ముద్ద తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కొట్టుకొచ్చిన దుంగల కింద దొరికింది. పేలుతుందంటారా?"

"ఇప్పుడెందుకురా నీకిది?"

"అత్త కొండ మీదికి చేరే ఉంటుంది. నా మనసు చెబుతోంది. ఆవిడకు చెవుడు, మన అరుపులు వినబడవు. మంట వేద్దామంటే ఆరిన పుల్ల లేదు. దీని మంటన్నా కనబడుతుందేమో."

వర్లీన్ తుపాకీ పైమూత ఎత్తింది. అది డబ్బా మూతలా కీలు మీద లేచింది. లోపలంతా బురద గట్టిపడి ఉంది. స్ప్రింగ్ తీసింది, పిస్టన్ లాగింది. ఇక విప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆమె రైఫిళ్లలో వెంట్రుక దూరని చోట ఇందులో గోరు దూరుతుంది. ఇన్నాళ్లూ మోటుపని అని వెక్కిరించిన సందులవి. బకెట్ నీళ్లు గుమ్మరిస్తే ఆ సందుల్లోంచే బురదంతా కారిపోయింది. గొట్టంలో గుడ్డ దూర్చి తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసి, నూనె రాసి బిగించి మీట లాగింది. టక్కున కదిలింది.

"దీన్ని చేసినవాడు మనిషి శుభ్రంగా ఉంచుతాడని నమ్మలేదురా," అంది మెల్లగా. "బురద ఎలాంటిదో తెలిసి చేశాడు."

పొద్దు వాలాక చర్చి మిట్ట మీదికి వెళ్లారు. హోబర్ట్ మెడలో పట్టా వేసుకుని, అది బిగిసేలా తుపాకీని రెండు చేతులా ముందుకు నెట్టి, ఎదుటి మట్టికట్టకు గురిపెట్టాడు. ఆగి ఆగి మూడుసార్లు పేల్చాడు.

మూతి దగ్గర నిప్పు గంపంత విచ్చుకుంది. లోయను కమ్మిన పొగమంచు ఎర్రబారింది. మోత ఒక కొండను తాకి, ఇంకో కొండకు దొర్లి, ఎక్కడో లోపలికి పోయి మళ్లీ తిరిగొచ్చింది. కింద రొట్టెలు పంచుతున్న ఆడవాళ్లు చేతులు అలాగే పెట్టుకుని నిలబడిపోయారు. జీవితమంతా తుపాకుల మోత మధ్య గడిపిన వర్లీన్ కూడా చెవులు మూసుకుంది.

చాలా ఎత్తున, పాత బొగ్గు గని గట్టు మీద, మిణుగురంత వెలుగొకటి అటూ ఇటూ ఊగింది.

"అది పోయిన మామయ్య గని దీపం, అత్త దాచుకున్నది," అన్నాడు హోబర్ట్. అంటూనే కూలబడి ఏడ్చాడు.

తెల్లారేసరికి తాళ్లు పట్టుకుని ఎక్కి, ఓర్ఫాను ఒక తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. కాలు వాచింది గానీ నోటికేం కాలేదు.

"ఎవడ్రా పేల్చింది? ప్రభువే దిగొస్తున్నాడనుకుని తల దువ్వుకున్నాను."

"చప్పుడు వినబడిందా అత్తా?" అని హోబర్ట్ చెవిలో అరిచాడు.

"వినబడలేదు. ఒళ్లు అదిరింది. చూస్తే కింద మబ్బంతా పండిన గుమ్మడికాయలా ఉంది. ఏదీ, ఆ ఫిరంగి చూపించు."

హోబర్ట్ తూటాలు తీసేసి, ఖాళీ అని చూసుకుని, ఆమె ఒళ్లో పెట్టాడు. ఓర్ఫా దాన్ని అటూ ఇటూ తిప్పింది. మూతిని బొటనవేలితో తడిమింది. మిగతా సగం కోసం అన్నట్టు అతని చేతుల వంక చూసింది.

"ఇంతేనా?"

"అంతే," అంది వర్లీన్. తనూ దాన్ని ఇంకోసారి చూడాలనిపించి కుర్చీని దగ్గరికి జరుపుకుంది.