చాయో గొంతు

ఎవోడియో లారా సెట్‌లోని ఆసుపత్రి మంచం మీద పడుకుని దిండు చూసుకుంటున్నాడు. నటుడి కంటే ముందు తను పడుకుని చూడటం అతని అలవాటు. దిండు ఎత్తుగా ఉంటే మెడ మడతపడి గొంతు పూడుకుపోతుంది. లేచి దిండు మార్చాడు. పక్కనున్న ట్రేలో నీళ్ళ గ్లాసును కెమెరాకు అడ్డం రాకుండా జరిపాడు.

"చావడానికి వీలుగా ఉందా, మాస్టారూ?" అన్నాడు ఫిదెన్సియో. సీరియల్‌లో అతను భూస్వామి. ఇవాళ చనిపోతాడు.

"నీకు ఇంతకంటే మంచి చావు ఏ డైరెక్టరూ ఇవ్వడు. పడుకో."

ఎవోడియో కుర్రతనంలో ఒరిసాబా నుంచి మెక్సికో నగరానికి వచ్చాడు. ఉప్పు కార్మికుల మీద ఒక సినిమా తీశాడు. అది ఒక థియేటర్లో వారం ఆడింది. తర్వాత అంతా టెలివిజన్. పెళ్ళిపీటల దగ్గర ఆగిపోయిన పెళ్ళిళ్ళు, చెంపదెబ్బలు, మెట్ల మీంచి పడటాలు, జ్ఞాపకం పోయిన కవలలు. బస్సుల్లో జనం ఆ సీరియళ్ళ గురించి మాట్లాడుకుంటారు. తీసిందెవరో వాళ్ళకు తెలియదు. దాని గురించి అతనికి బాధ లేదు. అతనికి కావలసింది ఒక్కటే. ఒరిసాబా లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ తనను పెంచిన తల్లి కథ తీయాలి. ఏళ్ళ తరబడి పైఅంతస్తులోని చానల్ పెద్దలు వాయిదా వేశారు. ఈసారి మాట ఇచ్చారు. ఈ సీరియల్ అయిపోగానే అది మొదలుపెట్టాలి. కథ కాగితాలు పైకి తీసుకెళ్ళి ఇచ్చింది అతని సహాయకుడు నబోర్.

సెట్ పక్కనున్న గాజుగదిలో ఇవాళ ఒక కొత్తమ్మాయి కూర్చుంది. అది చాయో కుర్చీ. అందులో కూర్చున్నవాళ్ళు మైకులో సంభాషణలు చదువుతారు. అవి నటుల చెవిలో ఉన్న ఇయర్‌పీస్‌లో వినిపిస్తాయి. విన్నది విన్నట్టు నటులు పలుకుతారు. ఎవోడియో తీసిన సీరియళ్ళన్నిటికీ చాయోయే చదివింది. అక్కకు జబ్బు చేసిందని పొద్దున్న ఫోన్ చేసింది.

కెమెరాలు తిరిగాయి. ఫిదెన్సియో కళ్ళు సగం మూశాడు.

"నా భూమి... నా కొడుక్కి..." అని ఆగి, అదే గొంతుతో అన్నాడు, "చొక్కా వేడిగా ఉండగానే తొడుక్కోకు నాయనా. అది ఇస్త్రీపెట్టెను మరిచిపోవాలి."

సెట్ మీద అందరూ నవ్వారు. ఫిదెన్సియో లేచి కూర్చున్నాడు.

"నన్నంటారేం? చెవిలో ఏం పోస్తే అదే కక్కుతాను. ఎవరో చొక్కాల గురించి మాట్లాడుతున్నారు."

ఎవోడియో నవ్వలేదు. ఫిదెన్సియో దగ్గర ఇయర్‌పీస్ తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, తన చెవిలో పెట్టుకున్నాడు. పక్క షూటింగ్ ఫ్లోర్ సిగ్నల్ దీంట్లోకి వస్తోంది. చదువుతున్నది చాయో. తల్లి ఇంటి తలుపు తీయడం, కొడుకు స్కూలుకు వెళ్ళడం, అన్నీ తను రాసిన వరసలోనే వచ్చాయి. సీను అయ్యాక చాయో మైకులోకి నబోర్ గొంతు వచ్చింది.

"అద్భుతం చాయో. ఇంకోసారి."

ఎవోడియో ఇయర్‌పీస్ జేబులో వేసుకున్నాడు.

"ఫిదెన్సియోకి ఇంకొకటి ఇవ్వండి," అన్నాడు. సౌండ్ మనిషి తల ఎత్తకుండా తీసి ఇచ్చాడు.

భోజనాల వేళ ఎవోడియో పక్క ఫ్లోర్ దగ్గరికి నడిచాడు. తలుపు పక్కన గ్వాదలూపె మేరీమాత పటం, దాని కింద తెల్లపూలు ఉన్నాయి. కొత్త సీరియల్ మొదలైన పొద్దున పాదిరి వచ్చి కెమెరాల మీద పవిత్రజలం చల్లి వెళ్తాడు. పూలు సాయంత్రం దాకా తీయరు. చాయో మెట్ల మీద కూర్చుని, తినడానికి తమాలె మీది మొక్కజొన్న ఆకు విప్పుతోంది.

"అక్కకెలా ఉంది?"

చాయో చేతులు ఆగాయి. "నేనిక్కడున్నానని ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఫిదెన్సియో చెవిలో పడ్డావు."

"అయ్యో దేవుడా." ఆమె నవ్వబోయి మానేసింది.

"కథ మీద ఎవరి పేరుంది?"

"నబోర్‌ది."

"నీకు ఎప్పట్నించి తెలుసు?"

"ఈస్టర్ నుంచి. అందరికీ తెలుసు, మాస్టారూ. మీకు నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని తోసుకున్నాం. మీరేమో రోజూ పొద్దున్నే వచ్చి దిండ్లు సర్దుకునేవారు."

"అక్క జబ్బని అబద్ధం ఎందుకు?"

"నాకు అక్కే లేదు. ఇన్నేళ్ళలో మీరెప్పుడు అడిగారు గనక."

చాయో తమాలెను మళ్ళీ ఆకులో చుట్టింది.

"నేను కాదంటే ఆ కొత్తమ్మాయి చేత చదివించేవాళ్ళు. మీ అమ్మ మాటలు. ఆ పిల్ల నోట వినగలరా మీరు?"

ఎవోడియో పూల వైపు చూశాడు.

"'వేడిగా' అన్నాక ఇంకాస్త ఆగు," అన్నాడు. "అమ్మ అక్కడ నీళ్ళు చిలకరించేది."

చాయో తల ఊపింది.

మధ్యాహ్నం ఫిదెన్సియో మళ్ళీ మంచమెక్కాడు. ఎవోడియో మంచం పక్కనే నిలబడ్డాడు. చెయ్యి ఎప్పుడు వదలాలో, ఊపిరి ఎక్కడ బిగపట్టాలో చెప్పాడు. మొదటి టేక్‌లో బాగా రాలేదు, మళ్ళీ తీశాడు. రెండోసారి ఫిదెన్సియో మాటలు పూర్తిచేసి కళ్ళు మూశాడు. ఎవోడియో కెమెరాను ఆ ముఖం మీద ఇంకాస్త ఉంచాడు.

"చాలు," అన్నాడు తర్వాత.

పాత్ర ముగిసిన నటుడికి సెట్ మీద అందరూ చప్పట్లు కొడతారు. ఇవాళా కొట్టారు. లైటు మనుషులు నిచ్చెనల మీంచి కొట్టారు, గాజుగదిలోంచి కొత్తమ్మాయి లేచి నిలబడి కొట్టింది. ఎవరో కేకు తెచ్చారు. ఫిదెన్సియో మంచం మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

"మాస్టారేడీ? ఈయన చంపితేనే గదా నాకు కేకు దొరికింది," అన్నాడు.

వెనక తలుపు తెరిచి ఉంది. ఎవోడియో కోటు కొక్కేనికి లేదు. మర్నాడు పైఅంతస్తు నుంచి ఫోన్లు చేశారు, అతను ఎత్తలేదు.

ఆ రోజు చప్పట్లయ్యాక కేకు పంచడానికి అందరూ ముందుగదిలోకి పోయారు. సెట్ మీద ఆసుపత్రి ట్రేలో, నీళ్ళ గ్లాసు పక్కన, ఎవోడియో పొద్దున జేబులో వేసుకున్న ఇయర్‌పీస్ ఉంది. చెవికి ఆనించుకుంటే తప్ప వినపడనంత సన్నగా ఒక గొంతు అందులోంచి 'చొక్కా వేడిగా' అని, ఆగి, ఇంకాస్త ఆగి, మిగతా మాటలు చదువుతోంది.