అత్తయ్య నొప్పి బిళ్ళలు

మా గురువారం గుంపులో ఒక నియమం ఉంది. మన వల్ల దెబ్బతిన్న మనిషి ఎదుట నిలబడి, చేసింది చేసినట్టు చెప్పాలి. క్షమించమని మాత్రం అడక్కూడదు. "అడిగితే వాళ్ళ నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టే. చెప్పి ఊరుకోండి. మిగతాది వాళ్ళదీ, దేవుడిదీ," అంటుంది గుంపు నడిపే పెద్దక్క. ఒకప్పుడు కన్నకూతురి పెళ్ళిలో తాగి పడిపోయిన మనిషి ఆవిడ. ఆవిడకి ఎదురుచెప్పే మొహం మాలో ఎవరికీ లేదు.

చర్చి వెనకగదిలో పదిమందిమి గుండ్రంగా కూర్చుంటాం. తాగుడువాళ్ళు, పేకాటవాళ్ళు, కోపం ఆపుకోలేనివాళ్ళు. నేను బిళ్ళల మనిషిని. ఆస్పత్రిలో నర్సుని. రోగుల్ని ఎత్తీ దించీ నడుం పట్టేస్తే నొప్పి బిళ్ళ మొదలుపెట్టాను. నడుం బాగయ్యాక కూడా బిళ్ళ నన్ను వదల్లేదు. ఆరు నెలల కిందట వార్డులోనే కళ్ళు తిరిగి పడ్డాను, గుట్టు రట్టయింది. ఇంట్లోవాళ్ళు ఒక్క మాట అనకుండా నన్ను కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. అత్తయ్యయితే చర్చిలో కనపడ్డవాళ్ళందరికీ, "మా కోడల్ని దేవుడు లేపాడు," అని చెప్పుకునేది. పక్కనే నేను, తేలు కుట్టిన దొంగలాగా.

ఆ బిళ్ళలు ఎక్కడివని ఎవరూ అడగలేదు మరి. ఆస్పత్రివే అనుకున్నారు. ఆస్పత్రిలో ప్రతి బిళ్ళకీ ఇద్దరి సంతకాలు కావాలి. అత్తయ్య మంచం పక్కనున్న సీసాకి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఏడాదిన్నర కిందట ఆవిడ మెట్ల మీద జారి వెన్నుపూస విరగ్గొట్టుకుంది. డాక్టరు రోజుకి రెండు గట్టి నొప్పి బిళ్ళలు రాశాడు. ఇంట్లో నర్సు ఉండగా ఇంకెవరిస్తారు? పదకొండు నెలలపాటు వాటిని నేను మింగి, అదే రంగు, అదే సైజు కాల్షియం బిళ్ళలు ఆవిడ అరచేతిలో పెట్టాను. మంచినీళ్ళ గ్లాసు కూడా అందించాను. మూలిగితే, "వయసు కదత్తయ్యా," అన్నాను. ఇప్పుడు చెప్పడానికే ఇంత సిగ్గుగా ఉందే, అప్పుడీ సిగ్గు ఎక్కడ చచ్చిందో!

గుంపులో అందరం మా వల్ల దెబ్బతిన్నవాళ్ళ జాబితాలు రాశాం. నాది రెండు పేజీలు వచ్చింది. నేను విసుక్కున్న రోగులు, మా ఆయన, ఆఖరికి పక్కింటావిడ. పెద్దక్క చదివి, "ఇంట్లోవాళ్ళందరూ వచ్చారా?" అంది.

"అత్తయ్యకి నేనేం చేశాను?" అన్నాను.

అత్తయ్య ఊసు ఆవిడ ఎత్తనేలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. పదిమందిలో తల కొట్టేసినట్టయింది. పెద్దక్క నాకు కలం అందించింది.

శనివారం పొద్దున్న అత్తయ్య గదిలోకి వెళ్ళాను. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని గుండీలు కుట్టుకుంటోంది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ మొదలుపెట్టింది.

"అమ్మాయ్, రేపు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం కదా. నన్ను లేవమని పిలవకు. నేను ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యను, ఆ రొట్టె తీసుకోను."

ఇన్ని నెలలూ ముందుదాకా నడవలేక వెనక కూర్చుంటోందనుకున్నాను. "నడుం నొప్పా?" అన్నాను.

"నడుం బాగానే ఉంది. ఆ పదకొండు నెలలూ ఎంత మొరపెట్టినా ఆ ప్రభువు వినలేదు. మందు కూడా పనిచెయ్యలేదు. నీ హస్తవాసి బంగారం, నీ చేత్తో ఇచ్చినా పనిచెయ్యలేదంటే నాలోనే ఏదో పాపం ఉండాలి. వెతుకుతూనే ఉన్నాను. చిన్నప్పుడు నిద్రపోతుంటే తన జడ కత్తిరించింది నేనేనని మా అక్కకి ఉత్తరం కూడా రాశాను. మీ మామయ్య మీద అరిచినవన్నీ ఒప్పుకున్నాను. ఇంకా ఏదో మిగిలింది. అదేంటో తెలియకుండా బల్ల దగ్గరికి ఏ మొహంతో వెళ్ళను?"

"దేవుడు ఎప్పుడో క్షమించాడులెండి," అనొచ్చు. ఆ వాక్యం నా నాలుక చివరే ఉంది, ఎంత భక్తిగా ఉందో కూడా! మంచంకోడు పట్టుకుని మొత్తం చెప్పేశాను.

"కాల్షియమా?" అంది.

"అవునత్తయ్యా."

"పదకొండు నెలలూ?"

"అవును."

"అయితే నా పాపం కాదన్నమాట."

"కాదు. నాది."

ఆవిడ మొహం తేటపడింది. కొట్టినా బాగుండేది. చేయని తప్పు కోసం ఏడాదిన్నర వెతుక్కున్న ముసలావిడ, నిజంగా హమ్మయ్య అనుకుంది నా ఎదురుగా. తర్వాత సూదిని బట్టకి గుచ్చి పక్కన పెట్టింది.

"రాత్రుళ్ళు దిండు నోట్లో కుక్కుకునేదాన్ని," అంది. "డ్యూటీ చేసి అలిసొచ్చావు, నా మూలుగుకి నీ నిద్ర చెడుతుందని."

క్షమించండి అన్న మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాను. పెద్దక్క నియమం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"క్షమించాననాలి నేను," అంది అత్తయ్య. "ఈ పూట అంటే అబద్ధమవుతుంది. రేపు నేను బల్ల దగ్గరికి వెళ్తాను. చెయ్యి పట్టుకోవడానికి నువ్వొద్దు, నా కొడుకొస్తాడు. ఎందుకని వాడు అడుగుతాడు. నువ్వే చెప్పు. ఇప్పుడే."

మా ఆయన వరండాలో కూర్చుని బూట్లకి పాలిష్ చేస్తున్నాడు. నన్ను చూసి నవ్వి, పక్కకి జరిగి చోటిచ్చాడు. నేను కూర్చోలేదు.