గుమ్మం పక్కన సంచి

మా గుమ్మం పక్కన మేకుకి ఎప్పుడూ ఒక సంచి వేలాడుతూ ఉండేది. అందులో టార్చిలైటు, రేషన్ కార్డు, నీళ్ళ సీసా, వాటి మీద బిస్కెట్లు, చిప్స్ ప్యాకెట్లు. సునామీ తర్వాత మా వరసలో చాలా ఇళ్ళలో ఇలాంటి సంచి ఉండేది. నాదే అందరికన్నా బరువు. అది చూసి నవ్వేవాళ్ళని నవ్వుకోమనేదాన్ని. నా పేరు కాశమ్మ. అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ డైరీ ఫార్మ్ పేట బజార్లో చేపలమ్ముతాను. ఒక మాట అంటే పడే రకాన్ని కాదు.

నవ్వేవాళ్ళకేం తెలుసు? 2004లో మేం పోర్ట్ బ్లెయిర్ రేవు పక్కన ఉండేవాళ్ళం. నీళ్ళు తరుముకొచ్చిన రోజు మూడు నెలల మనవరాలు బేబీరాణిని ఒక్క చేత్తో చంకనేసుకుని గుట్టెక్కాను. కోడిపెట్టంత బరువైనా లేదది. కోడలు హిమబిందుకి భయంతో పాలు పడలేదు. రెండు రోజులు పిల్ల ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడం కూడా మానేసింది. కొబ్బరినీళ్ళలో చీరకొంగు ముంచి దాని నోట్లో పిండాను. నా ఊపిరి ఉండగా ఈ పిల్ల ఆకలి అనకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

అననివ్వలేదు కూడా. సంచిలో తిండి పాతబడకుండా ప్రతి ఆదివారం మార్చేదాన్ని. కొత్తవి సంచిలోకి, పాతవి బేబీరాణి పొట్టలోకి. ఊరి చివర బ్రూక్షాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా దాన్ని సముద్రం వైపు ఆటలకి పంపలేదు. టీవీ ముందు కూర్చోబెట్టి చేతికి కూల్‌డ్రింకు ఇచ్చేదాన్ని. ఎనిమిదో ఏడు నడిచేసరికి నలభై అయిదు కిలోలుంది. బడిలో పిల్లలు 'మోటీ' అని ఏడిపిస్తే వెళ్ళి వాళ్ళ అమ్మల్ని దులిపేసి వచ్చాను. డాక్టరుకి చూపించమని బడివాళ్ళు చీటీ పంపితే హిమబిందు నా దగ్గరికి తెచ్చింది.

"అత్తా, నాలుగు మెట్లెక్కితే పిల్లకి ఆయాసం వత్తంది. ఈ ప్యాకెట్లు బంద్ చేసెయ్. ఒకపాలి డాక్టర్‌కి చూపిద్దాం."

"కన్నతల్లివేనా నువ్వు? పిల్ల బొద్దుగా ఉంటే నీకేటే నొప్పి? నీ దిష్టే తగిలేలాగుంది దానికి!"

చీటీ లాక్కుని బియ్యం డబ్బాలో పడేశాను.

2012 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం భూమి ఊగింది. కొడుకు అచ్చిబాబు పడవ మీద ఉన్నాడు, హిమబిందు పనిలో ఉంది. ఇంట్లో నేనూ పిల్లా. సునామీ రావచ్చట, పైకి పొమ్మంటున్నారని పక్కింటి తాతబ్బాయి అరిచాడు. ఒక చేత్తో సంచి, ఒక చేత్తో పిల్లని పట్టుకుని వాటర్ ట్యాంకు ఉన్న గుట్ట వైపు పరిగెత్తాను.

గుట్ట సగంలో బేబీరాణి కూలబడిపోయింది. మొహం ఎర్రగా కందిపోయింది. గుండెల్లో పిల్లికూతలు.

"మామ్మా, నా వల్ల కాదు. నువ్వెల్లిపో."

దాని చంకల కింద చేతులు వేసి లేపాను. మోకాళ్ళ దాకా లేచింది, మళ్ళీ జారిపోయింది. సంచి విసిరి పారేసి రెండు చేతులతో లేపాను. అయినా నా వల్ల కాలేదు. అందరూ వాళ్ళ వాళ్ళ పిల్లల్ని లాక్కుని పైకి పోతున్నారు. ఎవర్ని పిలవను? ఒకప్పుడు ఒక్క చేత్తో మోసిన పిల్ల. ఈ బరువంతా నేను నా చేతులతో పెట్టిందే కదా. ఇంకెవర్ని తిట్టను? సముద్రానికి వీపు పెట్టి, దాన్ని కావలించుకుని అక్కడే కూర్చున్నాను.

నీళ్ళు రాలేదు. సాయంత్రం ఇళ్ళకి పొమ్మన్నారు. పారేసిన సంచి ఏరుకుని, పిల్లని నడిపించుకుంటూ దిగాను.

"మామ్మా, నన్నొగ్గేసి ఎల్లలేదేటి?"

"నోర్ముయ్," అన్నాను. అని బావురుమన్నాను.

మర్నాడు పొద్దున్నే బియ్యం డబ్బాలోంచి చీటీ తీసి హిమబిందు చేతిలో పెట్టాను.

"తప్పు నాదేనే బిందూ. పద, డాక్టర్ దగ్గరికి."

అది నన్ను దెప్పుతుందనుకున్నాను, నేనైతే దెప్పేదాన్నే. టీ తాగావా అత్తా, అని మాత్రం అడిగింది.

డాక్టరు చిన్నపిల్లలా ఉంది, కానీ మాట గట్టిది. "పిల్లని పస్తులు పెట్టొద్దమ్మా. అందరూ తినే చేప, పప్పు, కూరే పెట్టండి. ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు ఇంట్లోకే తేవద్దు. రోజూ గంటసేపు ఒళ్ళు అలిసేలా ఆడాలి. పిల్ల ఒక్కదానికే కాదు, ఇంట్లో అందరికీ ఇదే రూల్."

సంచిలో బిస్కెట్లు పోయి వేయించిన శనగలొచ్చాయి. మొదటి వారం బేబీరాణి చిప్స్ కోసం గోల చేసింది. నా మనసు ఎంత కొట్టుకుందో నాకే తెలుసు, అయినా ఇవ్వలేదు. రోజూ సాయంత్రం దాన్ని గుట్ట ఎక్కించేదాన్ని. మోకాళ్ళ నొప్పులని నేను కింద రాయి మీద కూర్చుని అరుస్తూ ఉండేదాన్ని. మొదట్లో సగం దాకా ఎక్కి కూర్చునేది. వానలు తగ్గేసరికి మోటీ అన్న పిల్లలే దానితో పందెం వేసి ఎక్కుతున్నారు.

డిసెంబర్లో ఒకరోజు "నీళ్ళొచ్చేశాయ్!" అని ఉత్తుత్తికే కేక వేశాను. ఎక్కడా ఆగకుండా ట్యాంకు దాకా పోయింది. నా కళ్ళు చల్లబడ్డాయి. నేను చప్పట్లు కొడుతుండగానే గిర్రున తిరిగి కిందికి పరిగెత్తుకొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకు దిగావే పిచ్చి మొగమా! నీళ్ళొచ్చినప్పుడు ఎనక్కి తిరుగుతారేటే?"

"నువ్వు కిందే ఉండిపోతే నేనెలా ఎల్తాను?"

"నేను ముసల్దాన్నే. నా మోకాళ్ళు సూడు."

"ఆరోజు నువ్వు నన్నొగ్గేసి ఎల్లావా? నేనూ ఎల్లను."

చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, దాని చెయ్యి పట్టుకుని లేచాను. ఏప్రిల్లో మేమిద్దరం కూలబడ్డ చోటు దాకా ఎక్కేసరికి నా పని అయిపోయింది. నేను రొప్పుతుంటే అది ఆయాసం లేకుండా నా పక్కన నిలబడి ఉంది.

"రేపు ఇంకాస్త ఎక్కుదాం మామ్మా," అంది.

సరేనన్నాను.