నడినెత్తిన ఒక వంపు

ఆరేసిన దుప్పట్లు తీసుకురావడానికి సాయంత్రం మేడ ఎక్కిన ఆమె, మెడ పట్టేసినట్టయి తల వెనక్కి వాల్చింది. అప్పుడు కనిపించింది. వానచుక్క లేని ఆకాశంలో, సరిగ్గా నడినెత్తిన, పల్చటి మబ్బు మీద ఒక రంగుల వంపు. ఇంద్రధనుస్సు నేల మీద కాళ్ళానించి నిలబడుతుంది. ఇది తలకిందులుగా, వాలుతున్న సూర్యుడి వైపు పొట్ట పెట్టి, ఊయలలా వేలాడుతోంది. ఎరుపు కింద, ఊదా పైన.

"ఏమండీ, ఒక్కసారి పైకి రండి!" పిట్టగోడ మీంచి వంగి పిలిచింది.

"ఏం, దుప్పట్లు అంత బరువా?" కింది గదిలోంచి భర్త.

"ఆకాశంలో ఏదో ఉందండీ, తొందరగా..."

"ఎక్కడికి పోతుంది? ఆకాశం అక్కడే ఉంటుందిలే."

ఆకాశం ఉంది. వంపే కరిగిపోయింది.

కష్టాన్ని ఒంటరిగా మోయడం ఆమెకు అలవాటే. ఆశ్చర్యాన్ని ఒంటరిగా మోయడం అంతకంటే బరువని ఆ రోజే తెలిసింది. దుప్పట్లు గుండెకు హత్తుకుని మెట్లు దిగింది.

ఆ ఇంట్లో ఆమె మాటకు ఎవరో ఒకరు పూచీపడాలి. గ్యాస్ అయిపోయిందన్నా అత్తగారు కొడుకు వైపు తిరిగి, "నిజమేనట్రా?" అనేవారు. సిలిండర్ ఊపి చూసేది ఆమె; అవునని తలూపేది ఆయన. కొత్తలో మనసు చివుక్కుమనేది. పోనుపోను ఆమే ప్రతి మాటకూ "ఆయన కూడా అన్నారు" అని ఒక తోక తగిలించడం నేర్చుకుంది. ఆఫీసులోనూ తన ఆలోచనను "సార్ కూడా ఇదే అనుకుంటున్నారు" అంటూ ముందుకు తోసేది. పని జరిగిపోయేది. అది అబద్ధం కాదు, దారి సుంకం అనుకునేది.

"ఏమ్మా, మేడ మీద కాపురం పెట్టావా? మాకీ పూట టీ యోగం ఉందా, లేదా?" అన్నారు అత్తగారు.

"ఆకాశంలో రంగులు కనిపించాయి అత్తయ్యా. నడినెత్తిన. తలకిందులుగా."

"వాన లేకుండా రంగులా? కళ్ళు తిరిగుంటాయి. మధ్యాహ్నం సరిగ్గా తిన్నావా అసలు?"

ఆ గొంతులో దయ ఉంది. నమ్మకమే లేదు. ఆమె నాలుక తన అలవాటు తాను చూసుకుంది: "ఆయన కూడా చూశారు."

"అలాగా! చూశావట్రా?" అత్తగారి ముఖం విప్పారింది.

భర్త ఫోన్‌లోంచి తలెత్తి ఆమె వైపు చూశాడు, గట్టెక్కిస్తానులే అన్నట్టు. "ఆఁ, చూశానమ్మా. ఇంద్రధనుస్సే. తూర్పున, ఆ నీళ్ళ ట్యాంకు వెనకాల. తనకి వింతగా అనిపించింది, అంతే."

"అదీ, అలా చెప్పు. నీ పెళ్ళాం తలకిందులంటుంది!"

తల్లీకొడుకులు నవ్వుకున్నారు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది. ఆయనలో చెడు లేదు. మునిగేవాళ్ళకు చెయ్యి అందించినట్టే అందించాడు. కానీ తన నెత్తిన వెలిగిన వంపు తూర్పుకు జరిగింది, నిటారుగా నిలబడింది, ట్యాంకు వెనక్కి పోయింది. నాలుగు రోజులు పోతే అది ఆయన జ్ఞాపకమవుతుంది. చుట్టాలకు ఆయనే చెబుతాడు, పక్కన కూర్చుని తను తలూపుతుంది. ఇన్నేళ్ళూ అప్పగించింది మాటల్నే అనుకుంది. కళ్ళను కూడా అప్పగించేసిందా? ఇంకొకరు చూడనిదేదీ జరగనట్టే అయితే, ఈ ఇంట్లో తను గడిపిన రోజుల్లో జరిగినవి ఎన్ని?

కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఆయన చూడలేదు అత్తయ్యా. నేను అబద్ధం చెప్పాను."

"ఇప్పుడెందుకివన్నీ? ఇంత చిన్నదానికి..." అన్నాడు భర్త, గొంతు తగ్గించి.

"ట్యాంకు వెనకాల ఏమీ లేదండీ."

అత్తగారు కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూశారు. గదిలో ఆమె పక్షాన ఎవరూ లేరు.

"అది నడినెత్తినే ఉంది. తలకిందులుగానే ఉంది. నేనొక్కదాన్నే చూశాను. మీరు నమ్మకపోయినా, అది అక్కడ ఉంది."